నాలుగు వందల అప్లికేషన్లు వచ్చినా సరైన మనిషి ఎందుకు దొరకడం లేదు?

ఆన్‌లైన్‌లో ఉద్యోగ ప్రకటన పెట్టిన కంపెనీల దగ్గర తరచూ వినిపించే మాట ఒకటుంది. "వారం తిరక్కుండానే నాలుగు వందల అప్లికేషన్లు వచ్చాయి, అన్నీ తిరగేస్తే పిలిచి మాట్లాడదామనిపించిన వాళ్లు నలుగురు కూడా లేరు, ఈ రోజుల్లో పని తెలిసిన మనుషులే దొరకట్లేదు." ఈ మాటలో మొదటి సగం నిజమే. రెండో సగం చాలాసార్లు నిజం కాదు. పని తెలిసిన వాళ్లు ఉన్నారు, ఆ ప్రకటన వాళ్ల కంట పడింది కూడా, చదివారు, మూడో లైను దగ్గరో నాలుగో లైను దగ్గరో 'ఇది మనకు కాదులే' అనుకుని వెళ్లిపోయారు. వెళ్లిపోయేవాళ్లు చెప్పి వెళ్లరు కదా. కంపెనీకి కనిపించేది వచ్చినవాళ్లే, రాకుండా పోయినవాళ్లు ఏ లెక్కలోనూ ఉండరు. అందుకే తప్పు ప్రకటనలో ఉందేమో అన్న అనుమానమే రాదు. నింద మొత్తం మార్కెట్ మీదికి పోతుంది, అదే ప్రకటనను ఇంకో పోర్టల్‌లో ఇంకొంచెం డబ్బు కట్టి మళ్లీ పెడతారు.

అర్హత ఉన్నవాళ్లు ప్రకటనను ఎలా చదువుతారో ఆలోచిస్తే సగం విషయం అక్కడే అర్థమవుతుంది. వాళ్లలో చాలామందికి అప్పటికే ఒక ఉద్యోగం ఉంటుంది. రాత్రి పడుకోబోయే ముందో, ప్రయాణంలోనో ఫోన్‌లో చూస్తారు. అప్లై చేయడం వాళ్లకు ఊరికే అయ్యే పని కాదు. రెజ్యూమె మళ్లీ సరిచేసుకోవాలి, ఇంటర్వ్యూకి సెలవు పెట్టాలి, ఇప్పటి మేనేజర్‌కి తెలిస్తే ఏమవుతుందోనన్న టెన్షన్ ఒకటి. కాబట్టి ప్రకటనలో ఏదైనా చెప్పకుండా వదిలేస్తే దాన్ని వాళ్లు మంచిగా ఊహించుకోరు. జీతం రాయలేదంటే తక్కువే అయ్యుంటుంది, పని ఏమిటో చెప్పలేదంటే అన్నీ నెత్తిన వేస్తారు, 'ఒత్తిడిలో పనిచేయగలగాలి' అన్నారంటే ఇద్దరి పని ఒకరితో చేయిస్తున్నారు, ఇలా చదువుకుంటారు. నెలల తరబడి ఉద్యోగం లేక ఇబ్బంది పడుతున్నవాళ్లకు ఇలా ఎంచుకునే వీలు లేదు. కనిపించిన ప్రతిదానికీ అప్లై చేయడం వాళ్ల అవసరం, అందులో వాళ్ల తప్పేమీ లేదు. వాళ్లలోనూ పని బాగా వచ్చినవాళ్లు ఉంటారు, కానీ నాలుగు వందల రెజ్యూమెల్లో వాళ్లను వెతికి పట్టుకునే ఓపిక హెచ్‌ఆర్‌లో ఎవరికీ మిగలదు. ప్రకటన మసకగా ఉంటే వేరే దారి ఉన్నవాళ్లు ముందే తప్పుకుంటారు, దారి లేనివాళ్లు గుంపులో కలిసిపోతారు. నష్టం రెండు వైపులా.

1970లో జార్జ్ అకర్‌లాఫ్ అనే ఆర్థికవేత్త పాత కార్ల మార్కెట్ గురించి ఒక వ్యాసం రాశారు. ఆ కోవలో చేసిన పనికే 2001లో ఇంకో ఇద్దరితో కలిసి ఆయనకు నోబెల్ వచ్చింది. ఏ కారు మంచిదో ఏది డొక్కుదో కొనేవాళ్లకు తెలియనప్పుడు వాళ్లు అన్నిటికీ కలిపి ఒక మధ్యరకం ధరే ఇస్తామంటారు, ఆ ధరకు మంచి కారున్నవాళ్లు అమ్మడం మానుకుంటారు, పోనుపోను మార్కెట్‌లో డొక్కు కార్లే మిగులుతాయి. ఉద్యోగాల్లో ఈ చీకటి రెండు వైపులా ఉంటుంది. అభ్యర్థి ఎలాంటివారో కంపెనీకి తెలియదు, ఈ సంగతి అందరూ మాట్లాడతారు. కంపెనీ ఎలాంటిదో అభ్యర్థికి తెలియదు, ఈ సంగతి మాత్రం ఉద్యోగాలిచ్చేవాళ్లు మర్చిపోతారు. మంచి జీతం, పద్ధతైన పనివేళలు ఉన్న కంపెనీ కూడా ఆ వివరాలు రాయకపోతే బయట నుంచి చూసేవాళ్లకు పక్కనున్న డొక్కు కంపెనీలాగే కనిపిస్తుంది.

వెతికే మాట ఒకటి, రాసే మాట ఇంకొకటి

పేపర్ ప్రకటన కళ్లు తిప్పుతూ పోతుంటే తగిలేది. ఆన్‌లైన్‌లో అలా కాదు, అభ్యర్థి సెర్చ్‌లో ఒక మాట టైప్ చేస్తేనే తగులుతుంది. ఆ మాట ఆ వృత్తిలో ఉన్నవాళ్లు తమ గురించి తాము చెప్పుకునే మాటే అయ్యుంటుంది: అకౌంటెంట్, ఎలక్ట్రీషియన్, స్టాఫ్ నర్స్, జావా డెవలపర్. కంపెనీ లోపలి గ్రేడు ప్రకారం 'అసోసియేట్ లెవెల్ 2' అనో, సరదాగా ఉంటుందని 'సేల్స్ నింజా' అనో జాబ్ టైటిల్ పెడితే ఆ మాట ఎవరూ టైప్ చేయరు. పొరపాటున కనిపించినా అది తమ పనేనని గుర్తుపట్టరు.

టైటిల్ బలం ఎంతో చూపించిన పరిశోధన ఒకటుంది. అయోనా మారినెస్కు, రోనాల్డ్ వోల్ట్‌హోఫ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు కెరీర్‌బిల్డర్ అనే అమెరికా ఉద్యోగాల సైటులోని ప్రకటనలను తీసుకుని, ఎవరు దేనికి అప్లై చేస్తున్నారో చూశారు. ఆ వ్యాసం 2020లో అచ్చయింది. ఏ ప్రకటనకు ఎంత చదువు, ఎంత అనుభవం ఉన్నవాళ్లు వస్తున్నారన్న తేడాలో ఎక్కువ భాగం టైటిల్‌లోని మాటలతోనే తేలిపోతోందని వాళ్లు కనుక్కున్నారు. 'సీనియర్', 'మేనేజర్', 'జూనియర్' లాంటి చిన్న మాట ఒకటి అటూ ఇటూ అయితే వచ్చే మనుషులే మారిపోతారు. కాబట్టి గౌరవంగా ఉంటుందని జూనియర్ పనికి 'మేనేజర్' అని పేరు పెట్టడం మంచి ఆలోచన కాదు. పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లు వచ్చి జీతం విని వెనక్కి పోతారు, రావాల్సిన రెండేళ్ల అనుభవం వాళ్లు అది తమ స్థాయి కాదనుకుని రానే రారు.

సెర్చ్ ఇంజిన్లకు కూడా ఇదే కావాలి. గూగుల్ 2017లో ఉద్యోగాల వెతుకులాటను తన సెర్చ్‌లోనే కలిపింది. ప్రకటన పేజీలో టైటిల్, వివరణ, కంపెనీ పేరు, పనిచేసే చోటు, ప్రకటన పెట్టిన తేదీ ఫలానా పద్ధతిలో ఉంటేనే అక్కడ చూపిస్తుంది. టైటిల్ గడిలో ఉద్యోగం పేరే ఉండాలని, జాబ్ కోడ్లు, చిరునామాలు, జీతాలు, ఆశ్చర్యార్థకాలు, నక్షత్రం గుర్తులు అందులో కుక్కొద్దని దాని సూచనలు చెబుతున్నాయి. జీతానికి, గడువుకు వేరే గడులు ఉన్నాయి. టైటిల్‌లో ఆశ్చర్యార్థకాలు పెట్టి అరవాల్సిన పని లేదు, పేరు సరిగ్గా ఉంటే చాలు.

జీతం రాయకపోవడం అనే పెద్ద పొరపాటు

కెరీర్‌బిల్డర్ ప్రకటనల మీద చేసిన అదే పరిశోధనలో జీతం గురించి తేలింది ఇంకా ఆసక్తికరం. ఆ సైటులో అయిదింట ఒక వంతు ప్రకటనల్లోనే జీతం కనిపించింది. అన్ని ప్రకటనలనూ కలిపి చూస్తే జీతం ఎక్కువున్న వాటికి అప్లికేషన్లు తక్కువ వచ్చినట్టు తేలింది. వింతగా అనిపిస్తుంది గానీ కారణం సులువు, పెద్ద జీతం ఉన్నవి పెద్ద అర్హతలు కావాల్సిన ఉద్యోగాలు, వాటికి తగ్గ మనుషులే తక్కువ. ఒకే టైటిల్ ఉన్న ప్రకటనలను మాత్రం పక్కపక్కన పెట్టి చూస్తే, జీతం 10 శాతం ఎక్కువున్న చోటికి అప్లికేషన్లు సుమారు 7.7 శాతం ఎక్కువ వెళ్లాయి. అంటే జనం జీతం చూస్తున్నారు, పోల్చుకుంటున్నారు, అంకె కనిపిస్తే దాన్ని బట్టి కదులుతున్నారు.

'జీతం అనుభవాన్ని బట్టి', 'ఇండస్ట్రీ స్టాండర్డ్స్ ప్రకారం', 'ఆకర్షణీయమైన వేతనం'. ఈ మూడు మాటలకూ చదివేవాళ్ల దగ్గర ఒకటే అర్థం, చెప్పడం ఇష్టం లేదని. ఇలా రాసినప్పుడు జరిగేదేమిటంటే, మూడు రౌండ్ల ఇంటర్వ్యూ అయ్యి, మేనేజర్‌కి నచ్చి, అంతా అయిపోయిందనుకున్నాక ఆఖరి ఫోన్ కాల్‌లో అంకె చెబుతారు. అభ్యర్థి ఇప్పటికే అంతకన్నా ఎక్కువ తీసుకుంటుంటారు. అటు నాలుగు వారాలు, ఇటు నాలుగు వారాలు పోయాయి. ప్రకటనలో ఒక్క లైను రాసుంటే ఆ మనిషి అప్లై చేసేవారే కాదు, ఆ సమయంలో ఇంకొకరితో మాట్లాడే వీలుండేది.

జీతం రాయకపోవడానికి కంపెనీలు చెప్పే కారణాల్లో గట్టిది ఒక్కటే: ఇప్పటికే పనిచేస్తున్నవాళ్లు చూస్తారు, అదే పనికి కొత్తవాళ్లకు ఎక్కువ ఇస్తున్నారని తెలిసిపోతుంది. ఇది నిజమైన భయమే. కానీ ఆ తేడా ప్రకటన వల్ల పుట్టలేదు, ముందే ఉంది, ఎప్పుడో ఒకప్పుడు క్యాంటీన్‌లోనో వాట్సాప్‌లోనో బయటపడేదే. పాతవాళ్ల జీతం సరిచేయకుండా కొత్తవాళ్ల జీతం దాచిపెడితే రెండు చోట్లా నమ్మకం పోతుంది. పైగా చట్టాలు కూడా ఆ వైపే నడుస్తున్నాయి. అమెరికాలో కొలరాడో 2021 జనవరి నుంచి, న్యూయార్క్ నగరం 2022 నవంబర్ నుంచి, కాలిఫోర్నియా, వాషింగ్టన్ రాష్ట్రాలు 2023 జనవరి నుంచి ప్రకటనలోనే జీతం పరిధి చెప్పాలని నిబంధన పెట్టాయి. యూరోపియన్ యూనియన్ 2023లో చేసిన ఆదేశం ప్రకారం ఇంటర్వ్యూకి ముందే జీతం వివరం అభ్యర్థికి తెలియాలి, పాత జీతం ఎంతని అడగకూడదు. సభ్య దేశాలు దీన్ని తమ చట్టాల్లోకి తెచ్చుకోవడానికి 2026 జూన్ దాకా గడువిచ్చారు.

అంకె రాయాలి కాబట్టి రాశామన్నట్టు, కిందికీ పైకీ మూడింతల తేడా ఉన్న పరిధి రాయడం కూడా దాచడమే. చదివేవాళ్లు పై అంకె చూసి వస్తారు, కంపెనీ కింది అంకె మనసులో పెట్టుకుని కూర్చుంటుంది. పరిధి ఇరుకుగా ఉండాలి, అందులో ఎక్కడ నిలబడతారో దేన్ని బట్టి తేలుస్తారో ఒక లైనులో చెప్పాలి. బేరానికి వీలుంటే ఆ సంగతి కూడా రాసేయాలి. ఆండ్రియాస్ లైబ్రాంట్, జాన్ లిస్ట్ అనే ఇద్దరు చేసిన క్షేత్ర ప్రయోగం 2015లో అచ్చయింది. జీతం మాట్లాడుకోవచ్చని ప్రకటనలో రాయనప్పుడు మగవాళ్లే ఎక్కువగా బేరమాడారు, రాసినప్పుడు ఆ తేడా పోయింది. రాయని నియమం ఉన్నచోట ధైర్యం చేసేవాళ్లకే లాభం, రాస్తే అందరికీ ఒకటే దారి. ఒక్క వాక్యం ఇంత పని చేస్తున్నప్పుడు దాన్ని రాయకపోవడానికి కారణమే లేదు.

అర్హతల జాబితా ఎలా ఉబ్బుతుంది

అర్హతల జాబితా ఎవరూ కూర్చుని ఆలోచించి రాసింది కాదు, అసలు గొడవంతా ఇక్కడే. పాత ప్రకటన ఒకటి తీస్తారు. టీమ్ లీడ్ రెండు లైన్లు చేరుస్తారు, ఆ మధ్య మానేసిన మనిషికి వచ్చిన పనులన్నీ గుర్తొచ్చి మేనేజర్ ఇంకో మూడు చేరుస్తారు, హెచ్‌ఆర్ 'మంచి కమ్యూనికేషన్ స్కిల్స్' కలుపుతుంది, పోటీ కంపెనీ ప్రకటనలో బాగుందనిపించింది ఒకటి వచ్చి పడుతుంది. తీసేసేవాళ్లు మాత్రం ఒక్కరూ ఉండరు. చివరికి తయారయ్యేది అయిదుగురు మనుషులను కలిపి కుట్టిన బొమ్మ.

ఒక చిన్న లెక్క వేసి చూడండి. ఒక్కో షరతు నూటికి 70 మందికి సరిపోతుందనుకుందాం, షరతులకు ఒకదానితో ఒకటి సంబంధం లేదనుకుందాం. నాలుగు షరతులు పెడితే వందలో 24 మంది మిగులుతారు. పది పెడితే ముగ్గురు కూడా మిగలరు. నిజ జీవితంలో షరతులు ఒకదానితో ఒకటి కొంత ముడిపడి ఉంటాయి కాబట్టి లెక్క కచ్చితంగా ఇలాగే రాదు, కానీ దిశ ఇదే. 'ఉంటే మంచిది' అనుకుని చేర్చిన ఒక్కో లైను కొందరు మంచివాళ్లను బయటికి నెడుతుంది, మిగిలినవాళ్లలో నిజంగా అన్నీ ఉన్నవాళ్లు ఎంతమందో, ఏదీ పట్టించుకోకుండా అప్లై నొక్కినవాళ్లు ఎంతమందో తెలియదు.

డిగ్రీ విషయం తీసుకోండి. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ వాళ్లు 2017లో వెలువరించిన నివేదికలో ఒక పోలిక ఉంది. 2015లో అమెరికాలో ప్రొడక్షన్ సూపర్‌వైజర్ ఉద్యోగాలకు వచ్చిన ప్రకటనల్లో 67 శాతం కాలేజీ డిగ్రీ అడిగాయి, అప్పటికే ఆ పని చేస్తున్న సూపర్‌వైజర్లలో డిగ్రీ ఉన్నవాళ్లు 16 శాతమే. అంటే రోజూ ఆ పనిని నడిపిస్తున్నవాళ్లలో అత్యధికులు తమ ఉద్యోగానికే అప్లై చేయడానికి పనికిరారన్నమాట. పని మారలేదు, ప్రకటన మారింది.

అనుభవం లెక్క కూడా అంతే. 'కనీసం అయిదేళ్లు' అన్న షరతు ఎవరికీ అనుమానం రానంత మామూలైపోయింది. వాన్ ఇడెకింగ్, ఆయన సహచరులు 2019లో అంతకుముందు జరిగిన 81 అధ్యయనాలను కలిపి చూశారు. వేరేచోట పనిచేసిన అనుభవానికీ కొత్త చోట పనితీరుకీ మధ్య సంబంధం చాలా బలహీనంగా, దాదాపు లేనట్టుగా తేలింది. అనుభవానికి విలువ లేదని దీని అర్థం కాదు, ఏళ్ల సంఖ్య దాన్ని కొలవలేకపోతోందని అర్థం. అయిదేళ్లు ఒకే పని మళ్లీ మళ్లీ చేసినవాళ్లున్నారు, రెండేళ్లలో ఒక కొత్త విభాగాన్ని మొదటి నుంచీ నిలబెట్టినవాళ్లూ ఉన్నారు. ఏళ్ల సంఖ్య బదులు 'నెలాఖరు లెక్కలు ఎవరి సాయం లేకుండా మూసిన అనుభవం' అని రాస్తే చదివేవాళ్లకు తమకు ఉందో లేదో క్షణంలో తెలుస్తుంది.

ఈ షరతులన్నీ మనుషులు చదివి వదిలేస్తే ఒక ఎత్తు, సాఫ్ట్‌వేర్ చేతికి ఇస్తే ఇంకో ఎత్తు. 2021లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్, యాక్సెంచర్ కలిసి చేసిన అధ్యయనం రెజ్యూమెలను వడపోసే ఈ స్క్రీనింగ్ సాఫ్ట్‌వేర్లు పనికొచ్చేవాళ్లను ఎలా పక్కన పెడుతున్నాయో చూసింది. ఉద్యోగంలో ఆరు నెలలకు మించిన ఖాళీ ఉంటే చాలు, రెజ్యూమెను మనిషి చూడకముందే తీసేసే ఏర్పాట్లు చాలా కంపెనీల్లో ఉన్నాయి. ఆ ఖాళీ ప్రసవం వల్ల కావచ్చు, ఇంట్లో జబ్బుపడ్డవాళ్లను చూసుకోవడం వల్ల కావచ్చు, సాఫ్ట్‌వేర్‌కి అవన్నీ ఒకటే. ఆస్పత్రుల్లో రోగుల వివరాలు కంప్యూటర్‌లో ఎక్కించడానికి నర్సులు కావాల్సి ఉంటే, ప్రకటనలోనూ ఫిల్టర్‌లోనూ 'కంప్యూటర్ ప్రోగ్రామింగ్' అని పెట్టిన సంగతి కూడా ఆ అధ్యయనం చేసిన జోసెఫ్ ఫుల్లర్ చెప్పారు. ప్రోగ్రామింగ్ తెలిసిన నర్సు కోసం వెతుకుతూ టైప్ చేయడం వచ్చిన నర్సులందరినీ పోగొట్టుకోవడం ఎంత అన్యాయమో చెప్పక్కర్లేదు.

ఇక్కడ తరచూ వినిపించే మాట, మగవాళ్లు అర్హతల్లో 60 శాతం ఉంటే అప్లై చేస్తారని, ఆడవాళ్లు 100 శాతం ఉంటేనే చేస్తారని. ఇది ఒక కంపెనీ లోపలి అంచనాగా బయటికి వచ్చిన మాట, గట్టి పరిశోధనగా చెప్పుకోవడం సరికాదు. కానీ 2014లో టారా మోర్ దీని మీద రాసిన వ్యాసంలో పట్టించుకోవాల్సిన విషయం ఒకటుంది. ఎందుకు అప్లై చేయలేదని అడిగితే, ఆడవాళ్లూ మగవాళ్లూ కూడా ఎక్కువగా చెప్పిన కారణం ఆత్మవిశ్వాసం లేకపోవడం కాదు, 'షరతులు రాశారు కాబట్టి అవి లేకపోతే ఎలాగూ తీసుకోరు, టైమ్ వృథా ఎందుకు' అని. అంటే ప్రకటనను ఉన్నదున్నట్టు నమ్మి, నిజాయితీగా చదివేవాళ్లే ఈ ఉబ్బిన జాబితాల వల్ల దూరమవుతున్నారు. ఏ కంపెనీ అయినా పోగొట్టుకోకూడని మనుషులు వాళ్లే.

జాబితా తగ్గించడానికి ఒక సూటి పరీక్ష ఉంది. ఒక్కో లైను దగ్గర ఆగి, 'మిగతా అన్నీ ఉండి ఇది ఒక్కటి లేని మనిషి ఎదురుగా కూర్చుంటే వద్దంటామా?' అని అడగాలి. వద్దనం అనిపిస్తే ఆ లైను తీసేయాలి. రెండో ప్రశ్న, ఇది చేరాక రెండు మూడు నెలల్లో నేర్పగలమా? నేర్పగలిగితే 'మేం నేర్పుతాం' అని రాయాలి, షరతుల్లోంచి తీసేయాలి. ఈ రెండు ప్రశ్నలూ దాటి మామూలుగా నాలుగైదు లైన్ల కంటే మిగలవు, లైసెన్సు లాంటి చట్టం అడిగేవి ఉంటే అవి వేరు. మేనేజర్లు ఇక్కడ మొండికేస్తారు, ప్రమాణాలు తగ్గిస్తున్నామంటారు. నిజానికి ఇప్పుడే ప్రమాణం కచ్చితమవుతోంది. పన్నెండు షరతుల్లో ఏది ముఖ్యమో ఎవరికీ తెలియదు, నాలుగు షరతుల మీదైతే గట్టిగా నిలబడొచ్చు.

భాష గురించి కూడా ఒక మాట. 2011లో గౌచర్, ఫ్రీసెన్, కే అనేవాళ్లు ఇంగ్లిష్ ప్రకటనల మీద చేసిన అధ్యయనంలో, దూకుడు, ఆధిపత్యం, పోటీ ధ్వనించే మాటలు నిండిన ప్రకటనలు ఆడవాళ్లను తక్కువగా ఆకట్టుకున్నాయి. ఆ పని తమకు చేతకాదని కాదు, అక్కడ తమకు చోటు ఉండదనిపించి. 'యువకులు కావలెను' అని అలవాటుగా రాసే మాట కూడా అదే పని చేస్తుంది.

పని ఎలా ఉంటుందో చెప్పడం

ఇలాంటి ప్రకటన ఒకటి అనుకోండి: "వేగంగా ఎదుగుతున్న మా సంస్థలో చేరడానికి ఉత్సాహవంతులైన అభ్యర్థులు కావలెను. అకౌంట్స్‌కి సంబంధించిన అన్ని బాధ్యతలు నిర్వహించాలి. ఒత్తిడిలో పనిచేయగలగాలి. ఆకర్షణీయమైన జీతం." దీన్ని ఏ కంపెనీ అయినా, ఏ సంవత్సరమైనా పెట్టొచ్చు. ఇందులో సమాచారం సున్నా.

అదే ఉద్యోగాన్ని ఇలా కూడా చెప్పొచ్చు: "మా నాలుగు బ్రాంచీల కొనుగోలు బిల్లులు మీ దగ్గరికి వస్తాయి, నెలకు సుమారు ఆరు వందలు. వాటిని సరిచూసి సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించడం, సప్లయర్ల చెల్లింపులు సిద్ధం చేయడం, బ్యాంకు స్టేట్‌మెంట్‌తో పద్దులు సరిపోల్చడం ముఖ్యమైన పనులు. నెలాఖరు నాలుగు రోజులు రాత్రి ఎనిమిది దాకా ఉండాల్సి వస్తుంది, బదులుగా తర్వాతి వారం ఒక రోజు సెలవు ఇస్తాం. రెండు నెలల పాత పద్దులు తేలకుండా ఉన్నాయి, మొదటి మూడు నెలలు మీ ప్రధాన పని వాటిని సరిచేయడమే. మీరు అకౌంట్స్ మేనేజర్ కింద పనిచేస్తారు, మీతో పాటు ఇంకొకరు ఉంటారు."

రెండోది చదివి కొందరు పారిపోతారు. పారిపోవాలి కూడా, చేరి నలభై రోజులకు మానేయడం కంటే ఇప్పుడే వెళ్లిపోవడం అందరికీ మంచిది. పద్దులు చక్కబెట్టడమంటే ఇష్టం ఉన్న అకౌంటెంట్‌కి మాత్రం 'పాత పద్దులు తేలలేదు' అన్న లైనే నచ్చుతుంది, ఇక్కడ నా అవసరం ఉంది అనిపిస్తుంది. కష్టం చెబితే మనుషులు రారన్న భయంతో చాలా కంపెనీలు నైట్ షిఫ్టులు, టార్గెట్లు, తిరగాల్సిన ప్రయాణాలు ఇంటర్వ్యూ దాకా దాచిపెడతాయి. జాన్ వానస్ అనే పరిశోధకుడు 1973లో టెలిఫోన్ ఆపరేటర్లతో ఈ విషయాన్ని పరీక్షించారు. పనిలో మంచీ చెడూ ముందే చూపిస్తే ఏమవుతుందన్నది ప్రశ్న. ఉద్యోగం ఒప్పుకున్నవాళ్లు తగ్గలేదు, చేరినవాళ్ల అంచనాలు మాత్రం నేల మీద ఉన్నాయి. తర్వాత జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే మానేసేవాళ్లు తగ్గడంలో దీని ప్రభావం చిన్నదే, కానీ ఖర్చు ఏముంది, నాలుగు నిజమైన వాక్యాలు.

ఆ వాక్యాలు రాయగలిగేది ఆ పని చేస్తున్న మనిషి, హెచ్‌ఆర్ కాదు. 'నిన్న పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేశారు, ఏది విసిగించింది, ఏది బాగుంది' అని పావుగంట అడిగితే ప్రకటనలో ముప్పాతిక భాగం అక్కడే తయారవుతుంది.

అప్లై నొక్కాక

ఒక్క నొక్కుతో అప్లై చేసే బటన్లు వచ్చాక అప్లికేషన్లు వరదైపోయాయి. 2022 నవంబర్‌లో చాట్‌జీపీటీ వచ్చాక ప్రకటనలోని మాటలన్నీ ఏరి రెజ్యూమెలో పొదగడం నిమిషం పనైంది. దీనికి విరుగుడుగా కొన్ని కంపెనీలు పొడవాటి ఫారాలు పెట్టాయి, రెజ్యూమె అప్‌లోడ్ చేశాక కూడా అందులో ఉన్నదంతా మళ్లీ గడిగడిలో నింపమంటాయి. వరద ఆగదు, దాన్ని ఇప్పుడు సాఫ్ట్‌వేర్ నింపేస్తుంది. ఆగిపోయేది ఉద్యోగం చేసుకుంటూ రాత్రి పదకొండుకి ఫోన్‌లో నింపుతున్న మనిషి.

దానికంటే పనికి నేరుగా సంబంధించిన రెండు మూడు ప్రశ్నలు మేలు. ఒకటి అవునో కాదో చెప్పేది: నెలాఖరు ఆలస్యపు పనివేళలు మీకు సమ్మతమేనా? ఇంకొకటి నాలుగు లైన్లలో రాయాల్సింది: బ్యాంకు బ్యాలెన్స్‌కీ మీ పుస్తకాల్లో బ్యాలెన్స్‌కీ తేడా వచ్చిన సందర్భం ఒకటి చెప్పండి, ముందు ఏం చూశారు, కారణం ఏమని తేలింది? దీనికి కూడా ఏఐతో జవాబు రాయించొచ్చు, ఆపలేం. కానీ తర్వాత పది నిమిషాల ఫోన్ కాల్‌లో అదే సందర్భం గురించి ఇంకో రెండు ప్రశ్నలు అడిగితే ఎవరు నిజంగా చేశారో తేలిపోతుంది. రెజ్యూమెలు జల్లెడ పట్టడానికి పోయే టైమ్ ఈ కాల్స్‌కి పెడితే చాలా మేలు. పని నమూనా ఏదైనా చేసి చూపించమంటే గంటకు మించకూడదు, మించితే డబ్బు ఇవ్వాలి. ఉచితంగా రెండు రోజుల ప్రాజెక్ట్ చేసిపెట్టేంత ఖాళీ అర్హత ఉన్నవాళ్ల దగ్గర ఉండదు.

నమ్మకం ఇంకో పెద్ద విషయం. ఆన్‌లైన్‌లో దొంగ ఉద్యోగ ప్రకటనలు ఎక్కువయ్యాయి, రిజిస్ట్రేషన్ ఫీజు అడిగి మాయమయ్యేవాళ్లు, వివరాలు కాజేసేవాళ్లు ఉన్నారు. అందుకే జాగ్రత్తపరులైన అభ్యర్థులు కంపెనీ వెబ్‌సైట్‌లో అదే ఉద్యోగం ఉందా అని వెళ్లి చూస్తారు, జవాబు కంపెనీ సొంత ఈమెయిల్ నుంచి వస్తుందా అని చూస్తారు. అక్కడ లేకపోతే వదిలేస్తారు. ఉద్యోగం నిండిపోయాక కూడా ప్రకటన ఉంచేయడం, అసలు ఖాళీయే లేకుండా రెజ్యూమెలు పోగుచేసుకోవడానికి పెట్టడం కూడా మోసం కిందికే వస్తుంది, ఎంత మెత్తగా చెప్పినా. అప్లై చేసిన మనిషి ఆశతో ఎదురుచూస్తారు. చివరి తేదీ, ఎన్ని రౌండ్లు, ఎన్ని రోజుల్లో జవాబు వస్తుందన్నది ప్రకటనలోనే రాసి, ఆ మాట నిలబెట్టుకోవాలి. రిజెక్ట్ చేసినా రెండు లైన్ల జవాబు పంపితే ఆ మనిషి మళ్లీ ఇంకో ఖాళీకి అప్లై చేస్తారు, తెలిసినవాళ్లకూ చెబుతారు.

ఎక్కడ పెట్టాలన్నదాని మీద అనవసరమైన చర్చ ఎక్కువ. పెద్ద పోర్టల్ ఒకటి, కంపెనీ సొంత పేజీ, ఆ వృత్తివాళ్లు కలుసుకునే చోటు ఒకటి, ఈ మూడూ చాలు. ప్రకటన బాగోకపోతే ఇరవై చోట్ల పెట్టినా అదే ఫలితం ఇరవై రెట్లు వస్తుంది.

ఫలితాన్ని కొలిచే పద్ధతి మారకపోతే మాత్రం ఇదంతా వృథా. పోర్టళ్ల డాష్‌బోర్డ్ ఎన్ని వ్యూస్, ఎన్ని క్లిక్స్, ఎన్ని అప్లికేషన్లు అని చూపిస్తుంది, పై అధికారులు ఆ అంకెలే అడుగుతారు. జీతం రాసి, షరతులు తగ్గించి, పని గురించి నిజం చెప్పాక నాలుగు వందలు కాస్తా ఎనభైకి పడిపోవచ్చు. అప్పుడు హెచ్‌ఆర్‌లో కంగారు మొదలవుతుంది. చూడాల్సింది ఆ ఎనభైలో ఫోన్ చేయదగ్గవాళ్లు ఎంతమంది, వాళ్లలో ఆఖరి రౌండ్ దాకా నిలిచింది ఎంతమంది, ఆఫర్ ఇస్తే ఒప్పుకున్నది ఎంతమంది, ఆరు నెలల తర్వాత ఉన్నది ఎంతమంది. నాలుగు వందల్లో నలుగురి కంటే ఎనభైలో పదిహేను మంది ఎన్నో రెట్లు నయం, చదవాల్సిన రెజ్యూమెలు కూడా అయిదో వంతే.

చేరిన మనిషికి మూడు నెలలు నిండాక అదే ప్రకటనను ప్రింట్ తీసి చేతికిచ్చి, నిజం కాని లైన్ల కింద గీత గీయమనాలి, రాయాల్సి ఉండి రాయనివి పక్కన రాయమనాలి. తర్వాతి ఖాళీకి ప్రకటన రాయడం ఆ కాగితంతో మొదలుపెట్టొచ్చు.